ఒక్క రైఫిలే కొనాలంటే .308 లాంటి మామూలు కార్ట్రిడ్జా, .300 విన్ మ్యాగ్ లాంటి మ్యాగ్నమా?

గురి_కొత్త:

అందరికీ నమస్తే. లైసెన్సు చేతికొచ్చింది, ఇక ఏ కార్ట్రిడ్జ్‌లో (తూటా రకంలో) రైఫిల్ తీసుకోవాలన్న దగ్గర ఆగిపోయాను. ఒక్కటే కొంటాను, రెండోది ఇప్పట్లో కుదరదు. సీజన్‌లో పర్మిట్ మీద జింకలు, అడవిపందులు, మిగతా ఏడాదంతా రేంజ్‌లో ప్రాక్టీసు, రెండింటికీ అదే రైఫిల్. వేటలో 250 మీటర్లు దాటి కాల్చే ఉద్దేశం లేదు. రేంజ్‌లో మాత్రం 600 మీటర్ల దాకా లైన్ ఉంది, మెల్లగా అక్కడిదాకా వెళ్లాలని ఆశ.

.308 విన్చెస్టర్, .30-06, 6.5 క్రీడ్‌మూర్ ఒక పక్క, .300 విన్చెస్టర్ మ్యాగ్నమ్, 7 ఎం.ఎం. రెమింగ్టన్ మ్యాగ్నమ్ లాంటి, పౌడర్ ఎక్కువ పట్టే మ్యాగ్నమ్‌లు ఇంకో పక్క పెట్టుకుని రోజూ చదువుతూనే ఉన్నాను. తెలిసినాయన ఒకరు "పెద్దది కొంటే చిన్న పని కూడా చేస్తుంది, చిన్నది కొంటే పెద్ద పని చెయ్యదు, మ్యాగ్నమే తీసుకో" అంటున్నారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ మ్యాగ్నమ్ కొన్నవాళ్లు కొందరు ఏడాది తిరక్కుండానే అమ్మేసుకుంటున్నారని కూడా వింటున్నాను. నిజంగా వాడినవాళ్లు చెప్పండి, మ్యాగ్నమ్ తీసుకుంటే అదనంగా వచ్చేదేంటి, దానికోసం పోగొట్టుకునేదేంటి? "మీ ఇష్టం" అని మాత్రం అనకండి, ఏది ఇష్టపడాలో తేలకే అడుగుతున్నా.

పాత_బోల్ట్:

తమ్ముడూ, ముందు మూడింట్లో ఒకే బుల్లెట్ పెట్టి చూడు, గందరగోళం చాలావరకు పోతుంది. .308, .30-06, .300 విన్ మ్యాగ్ మూడింటిదీ ఒకే బోరు, బుల్లెట్ వ్యాసం 0.308 అంగుళాలు. అంటే 180 గ్రెయిన్ల బుల్లెట్, మన లెక్కలో దాదాపు 11.7 గ్రాములు, అదే బుల్లెట్ మూడింట్లోనూ వాడొచ్చు. మారేదల్లా దాని వెనకున్న ఇత్తడి కేసులో ఎంత పౌడర్ పడుతుందన్నదే. ఫ్యాక్టరీ తూటాల్లో .308 దాన్ని సెకనుకు సుమారు 2620 అడుగుల వేగంతో పంపిస్తుంది, .30-06 సుమారు 2700, .300 విన్ మ్యాగ్ సుమారు 2960. శక్తి లెక్క కడితే మూతి దగ్గర వరసగా 2740, 2910, 3500 ఫుట్ పౌండ్ల (శక్తిని కొలిచే లెక్క) చుట్టూ తేలుతుంది.

ఇప్పుడు పౌడర్ సంగతి చూడు. .308 కేసులో 45 గ్రెయిన్లకు అటూ ఇటూ, .300 విన్ మ్యాగ్‌లో 70కి అటూ ఇటూ పడుతుంది. సగానికి పైగా ఎక్కువ పౌడర్ కాలిస్తే వేగం పెరిగింది 13 శాతం. బోరు రంధ్రం అదే కదా, పెరిగిన గ్యాసంతా ఆ సన్నటి దారినే బయటికి పోవాలి, కేసు పెద్దదయ్యేకొద్దీ ప్రతి గ్రెయిన్‌కీ వచ్చే ఫలితం తగ్గిపోతుంది. మ్యాగ్నమ్‌ల గురించి తెలుసుకోవాల్సిన అసలు విషయం నా దృష్టిలో ఇదే, మిగతావన్నీ దీన్లోంచే పుడతాయి.

నువ్వు చెప్పిన దూరానికి వస్తే, 200 గజాలకు జీరో చేసిన (ఆ దూరంలో గురిపెట్టిన చోటే పడేలా స్కోపు సర్దిన) .308 ఆ బుల్లెట్‌తో 300 గజాల దగ్గర సుమారు 9 అంగుళాలు కిందికి పడుతుంది, .300 విన్ మ్యాగ్ సుమారు 7. నీ 250 మీటర్లంటే 270 గజాల పైచిలుకు, అక్కడ తేడా ఒకటిన్నర అంగుళం. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అడ్డంగా 8 అంగుళాలకు తక్కువుండదు. ఆ ఒకటిన్నర అంగుళం వల్ల తప్పే జంతువు ఉండదు, నీ ఊపిరి వల్ల, ట్రిగ్గర్ లాగడం వల్ల తప్పేవే ఎక్కువ.

తన్ను మాత్రం అలా చిన్నగా పెరగదు. స్కోపుతో కలిపి 8 పౌండ్లు, అంటే 3.6 కిలోలు తూగే రైఫిల్‌లో .308 వెనక్కి తన్నే శక్తి సుమారు 18 ఫుట్ పౌండ్లు, .30-06 ది 21, .300 విన్ మ్యాగ్‌ది 28. ఒకటిన్నర రెట్లు. పైగా అది ఒక్కసారిగా వచ్చి భుజానికి తగులుతుంది, నిలబడి కాల్చేటప్పుడు ఒళ్లు కాస్త వెనక్కి ఊగి సర్దుకుంటుంది గానీ బెంచి మీద వంగి కూర్చుని కాల్చేటప్పుడు అంతా భుజం ఎముకే మోయాలి.

"పెద్దది చిన్న పని కూడా చేస్తుంది" అన్న మాట గురించి కూడా చెప్తాను, ఎందుకంటే అది సగమే నిజం. అడవిపంది పొదలోంచి 40 మీటర్ల దూరంలో బయటికొచ్చిందనుకో, మ్యాగ్నమ్ బుల్లెట్ అక్కడ ఇంకా 2850 అడుగుల వేగంతో ఉంటుంది. మామూలు సీసం, రాగి తొడుగు బుల్లెట్లు చాలావరకు అంత వేగానికి చేసినవి కావు. భుజం ఎముక తగిలితే ముక్కలైపోయి లోపలికి దిగవు, దిగినా చుట్టూ మాంసమంతా రక్తం గడ్డకట్టి ముందు కాలు మొత్తం పారెయ్యాల్సి వస్తుంది. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. 1946లో జాన్ నోస్లర్ అనే అమెరికా వేటగాడు .300 హెచ్ అండ్ హెచ్ (హాలండ్ అండ్ హాలండ్ కంపెనీది) మ్యాగ్నమ్‌తో మూస్ (చలిదేశాల భారీ దుప్పి) వేటకు వెళ్తే దగ్గర్నించి కాల్చిన బుల్లెట్లు చర్మానికి అంటిన బురద, భుజం దాటి లోపలికి పోలేదు. ఆ విసుగులోంచే బుల్లెట్ మధ్యలో రాగి గోడ పెట్టిన పార్టిషన్ బుల్లెట్ పుట్టింది, 1948 నుంచి అమ్ముతున్నారు. అంటే మ్యాగ్నమ్ కొంటే దానికి తగ్గ గట్టి బుల్లెట్ కూడా కొనాలి. ఆ బుల్లెట్టే .308లో పెడితే నీ దూరాల్లో అదే పని అంతే బాగా చేస్తుంది.

నా ఓటు .308కి. .30-06 కూడా మంచిదే, 1906 నుంచి దాని పని అది చేస్తూనే ఉంది, కానీ 1952లో వచ్చిన .308 పొట్టి (బోల్ట్ కదిలే భాగం) యాక్షన్‌లో ఇమిడిపోతుంది, పొట్టి బ్యారెల్‌తో కూడా సర్దుకుంటుంది.

గాలి_లెక్క:

బోల్ట్ గారు వేట వైపు చెప్పేశారు కాబట్టి నేను రేంజ్ వైపు చెప్తాను. ఏడాదిలో ఎక్కువ రోజులు మీరు గడిపేది అక్కడే.

కాగితానికి శక్తితో పని లేదు. 600 మీటర్ల దగ్గర మీ గురిని పాడుచేసేది కిందికి పడటం కాదు, అది లెక్క ప్రకారం జరుగుతుంది, స్కోపు మీద గురి సర్దే టర్రెట్ తిప్పితే సరిపోతుంది. పాడుచేసేది గాలి. గాలి బుల్లెట్‌ని ఎంత పక్కకి నెడుతుందన్నది, అది గాల్లో ఎంత వేగం పోగొట్టుకుంటోందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది, మొదలైన వేగం ఒక్కదాని మీదే కాదు. దీనికి కొలమానం బాలిస్టిక్ కోఎఫిషియంట్, ఇది ఎంత ఎక్కువైతే బుల్లెట్ అంత బాగా గాలిని చీల్చుకుపోతుంది. మామూలు 180 గ్రెయిన్ల .30 వేట బుల్లెట్‌కి ఇది 0.48 దాపుల్లో ఉంటే, 6.5 క్రీడ్‌మూర్‌లో వాడే పొడవాటి 140 గ్రెయిన్ల మ్యాచ్ (పోటీల) బుల్లెట్లకి 0.6 దాటుతుంది. అందుకే క్రీడ్‌మూర్ 2700 అడుగుల వేగంతో బయల్దేరి కూడా, 2960తో బయల్దేరిన మ్యాగ్నమ్ వేట బుల్లెట్ కంటే 600 మీటర్ల దగ్గర గాలికి తక్కువ జరుగుతుంది. తన్ను చూస్తే అదే బరువు రైఫిల్‌లో 13 ఫుట్ పౌండ్ల దగ్గర, .300 విన్ మ్యాగ్‌లో సగం కూడా కాదు. 2007లో హోర్నడీ వాళ్లు దీన్ని టార్గెట్ షూటర్ల కోసమే తయారుచేశారు, వేటగాళ్లు తర్వాత అందుకున్నారు.

తన్ను తక్కువైతే ఇంకో లాభం ఉంది, కొత్తవాళ్లకి ఎవరూ చెప్పరు. మీ తూటా ఎక్కడ పడిందో మీ స్కోపులోంచి మీరే చూడగలరు. ఇనప పలక ఎడమ అంచున బూడిదరంగు మచ్చ పడటం, లేదా వెనక మట్టి దిబ్బ మీద దుమ్ము కుడిపక్కకి లేవడం కనిపిస్తే రెండో తూటాకి గాలి సవరణ మీరే ఇచ్చుకోవచ్చు. మ్యాగ్నమ్ పేల్చాక స్కోపు మళ్లీ కుదురుకునేసరికి ఆ దుమ్ము సర్దుకుపోయి ఉంటుంది, పక్కన ఎవరైనా చూసి చెప్తే తప్ప తెలీదు. గాలి చదవడం నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే పెద్ద నష్టం లేదు.

పోటీలు గమనించినా ఇదే కనిపిస్తుంది. ఐ.ఎస్.ఎస్.ఎఫ్. (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) 300 మీటర్ల పోటీలో పదో రింగు వెడల్పు 100 మిల్లీమీటర్లు, దాన్ని కొట్టడానికి ఎక్కువమంది వాడేది 6 ఎం.ఎం. బి.ఆర్. లాంటి చిట్టి కార్ట్రిడ్జ్‌లు. ఎఫ్-క్లాస్‌లో (పడుకుని, రైఫిల్‌ని ఊతం మీద పెట్టి దూరం కాల్చే పోటీ) ఎఫ్-టి.ఆర్. విభాగానికి .308, .223 తప్ప ఇంకేవీ ఒప్పుకోరు, అయినా వెయ్యి గజాల దాకా కొడతారు. పి.ఆర్.ఎస్. (ప్రెసిషన్ రైఫిల్ సిరీస్) పోటీల్లో 3200 అడుగుల వేగం దాటకూడదని రూలే ఉంది.

మ్యాగ్నమ్‌లకు రేంజ్‌లో చరిత్ర లేదని కాదు. 1935లో బెన్ కంఫర్ట్ .300 హెచ్ అండ్ హెచ్‌తో అమెరికాలో వెయ్యి గజాల రైఫిల్ పోటీ వింబుల్డన్ కప్ గెలిచాక అందరి చూపూ దాని మీద పడింది. పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో 1967లో మొదలైన, బెంచి మీద రైఫిల్ ఆనించి కాల్చే వెయ్యి గజాల బెంచ్‌రెస్ట్‌లోనూ తొలి రోజుల్లో పెద్ద మ్యాగ్నమ్‌లదే రాజ్యం. అప్పట్లో గాలిని తట్టుకోవాలంటే బరువు, వేగం తప్ప దారి లేదు. తర్వాత బుల్లెట్ల ఆకారం, తయారీ మెరుగై 6 ఎం.ఎం. డాషర్ లాంటి చిన్న కార్ట్రిడ్జ్‌లు వచ్చి అక్కడే రికార్డులు కొట్టాయి.

ఒక జాగ్రత్త. .308లో వెయ్యి గజాల దాకా వెళ్లాలని ఎప్పుడైనా అనిపిస్తే పాత 168 గ్రెయిన్ల మ్యాచ్‌కింగ్‌తో వెళ్లకండి, వేగం ధ్వని వేగం దగ్గరికి పడిపోయేటప్పుడు అది స్థిరత్వం కోల్పోతుంది. 175 గ్రెయిన్లది ఆ దూరం బాగానే దాటుతుంది. మీ 600కి ఏదైనా ఒకటే.

కొండ_వేట:

ఇద్దరూ చెప్పినవాటిలో లెక్కలు తప్పని అనను. కానీ ఈ లెక్కన మ్యాగ్నమ్‌లన్నీ దండగ అని చదివేవాళ్లు అనుకుంటారేమో, అది సరికాదు. నేను ఎత్తైన కొండల్లో వేటాడతాను, లోయకి ఈవల మనం, ఆవల గుట్ట మీద ఎల్క్ అనే పెద్ద దుప్పి, మధ్యలో దిగి ఎక్కే దారి ఉండదు. అక్కడ నాకు .300 విన్ మ్యాగ్ ఎందుకు కావాలో చెప్తాను.

వేట బుల్లెట్ లోపలికి వెళ్లాక విచ్చుకోవాలంటే తగిలేటప్పుడు కొంత వేగం ఉండి తీరాలి. చాలా సీసం బుల్లెట్లకి 1800 అడుగులు, పూర్తి రాగి బుల్లెట్లకి 2000 దాకా కావాలి. అంతకంటే తగ్గితే సన్నటి రంధ్రం చేసుకుంటూ బయటికి పోతుంది, జంతువు గాయంతో ఎంతో దూరం వెళ్లిపోతుంది, మనకి దొరకదు, అది నరకం అనుభవిస్తుంది. 0.48 కోఎఫిషియంట్ ఉన్న 180 గ్రెయిన్ల బుల్లెట్ .308లోంచి వెళ్తే 350 గజాల దగ్గర 2000కి పడిపోతుంది. అదే బుల్లెట్ .300 విన్ మ్యాగ్‌లోంచి వెళ్తే 500 దాటాక గానీ పడదు. ఆ నూట యాభై గజాలకే నేను అన్ని తన్నులూ తింటున్నాను. పైగా 200, 215 గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్లు వాడితే గాలి విషయంలో కూడా క్రీడ్‌మూర్ వెనకబడుతుంది, గాలి_లెక్క గారు పోల్చింది మామూలు 180తో.

ప్రమాదకరమైన పెద్ద జంతువుల సంగతి పూర్తిగా వేరు. ఆఫ్రికాలో చాలా దేశాల్లో అడవిదున్న, ఏనుగు లాంటివాటికి .375 కి తక్కువ వాడకూడదని చట్టమే ఉంది. 1912 నాటి .375 హెచ్ అండ్ హెచ్ 300 గ్రెయిన్ల బుల్లెట్‌ని 2500 అడుగుల పైచిలుకు వేగంతో పంపుతుంది. అంటే వేగం .308 కంటే తక్కువే, కానీ బరువు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మ్యాగ్నమ్ అంటే ఎప్పుడూ వేగమే అనుకోకూడదు.

ఇంత చెప్పినా, గురి_కొత్త గారూ, మీ జింకలకి, మీ 250 మీటర్లకి నాది వద్దనే చెప్తాను. స్వీడన్, నార్వేల్లో 1894 నాటి 6.5×55తో ఇప్పటికీ 400 కిలోల మూస్‌ని కొడతారు. దూరం, జంతువు బరువు రెండూ కలిసి మీద పడ్డప్పుడే మ్యాగ్నమ్ గురించి ఆలోచించండి. అప్పుడు మాత్రం 26 అంగుళాల బ్యారెల్, బరువైన రైఫిల్ తీసుకోండి. కొండ ఎక్కడానికి తేలిగ్గా ఉంటుందని రెండున్నర కిలోల రైఫిల్‌లో .300 కాల్చేవాళ్లని చూశాను, వాళ్లు ప్రాక్టీసే మానేస్తారు.

గురి_కొత్త:

అందరికీ చాలా థాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. ఈలోపు రేంజ్‌లో ఒకాయన దయతలిచి తన .300 విన్ మ్యాగ్ కాల్చనిచ్చారు, తర్వాత క్లబ్బు .308 కూడా. మ్యాగ్నమ్‌తో మొదట్లో తూటాలు దగ్గరదగ్గరగానే పడ్డాయి, తర్వాత్తర్వాత గ్రూపు కిందికి, ఎడమకి విచ్చుకుపోయింది. .308 పట్టుకున్నాక కూడా కాసేపు అలాగే పడ్డాయి, మెల్లగా సర్దుకున్నాయి. నేను కుడిచేతి వాటం. ఇది నా వల్లేనా, రైఫిల్ వేడెక్కడం వల్లా? ఇంకోటి, మజిల్ బ్రేక్ (బ్యారెల్ మూతికి బిగించే, పక్కన కంతలున్న గొట్టం) పెడితే మ్యాగ్నమ్ తన్ను .308 అంత అయిపోతుందని ఆయన అన్నారు, నిజమేనా? అలా అయితే మళ్లీ ఆలోచించాలి.

పాత_బోల్ట్:

సన్నటి వేట బ్యారెల్ వేడెక్కితే గ్రూపు కాస్త జరగొచ్చు, కానీ రెండో రైఫిల్ పట్టుకున్నాక కూడా అలాగే పడ్డాయంటున్నావు కదా, అది ఫ్లించ్. పేలకముందే ఒళ్లు బెదిరి, భుజం ముందుకు తోసి, వేలు ట్రిగ్గర్‌ని గుంజేస్తుంది. కుడిచేతి వాటం వాళ్లకి చాలావరకు కిందికి, ఎడమకే పడతాయి. దీనికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, శరీరం నేర్చుకునే పద్ధతే అది, దెబ్బ తగులుతుందని ఒకసారి తెలిశాక తప్పించుకోవాలని చూస్తుంది. మ్యాగ్నమ్ కొన్నవాళ్లు అమ్మేసుకోవడానికి నూటికి తొంభై కారణం ఇదే అని నా అభిప్రాయం.

పక్కాగా తెలుసుకోవాలంటే ఒక పద్ధతుంది. రేంజ్‌లో స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, మ్యాగజైన్‌లో నీకు తెలీకుండా నిజం తూటాల మధ్య డమ్మీ (పేలని) తూటాలు కలిపి పెట్టమను. ఏది నిజమో ఏది డమ్మీనో నీకు తెలియకూడదు. డమ్మీ వచ్చినప్పుడు టక్ మని పిన్ను చప్పుడు మాత్రమే వస్తుంది, అప్పుడు స్కోపులో క్రాస్ హెయిర్ (గురి గీతలు) చూడు. నల్ల చుక్క మీద కదలకుండా ఉంటే నువ్వు బాగున్నట్టు. ఏమీ పేలకుండానే క్రాస్ హెయిర్ కిందికి కుంగి, కళ్లు మూసుకుపోయి, భుజం ముందుకు వెళ్లి ఆగిందంటే నీకే అర్థమవుతుంది. డమ్మీ వచ్చినప్పుడల్లా గురి కదలకుండా నిలిచేదాకా అదే చెయ్యి, ఆ రోజుకి నిజం తూటాల సంఖ్య గురించి పట్టించుకోకు. మధ్యమధ్యలో .22 రైఫిల్ కాలిస్తే ఇంకా త్వరగా పోతుంది.

బ్రేక్ గురించి. తన్ను నిజంగానే తగ్గిస్తుంది, మంచిదైతే మూడో వంతు నుంచి సగం దాకా. మ్యాగ్నమ్‌లో గ్యాస్ ఎక్కువ కాబట్టి బ్రేక్ పనితనం కూడా దాంట్లోనే ఎక్కువ కనిపిస్తుంది. ఆయన చెప్పింది తప్పు కాదు. కానీ ఆ గ్యాసంతా పక్కలకి, వెనక్కి తిరిగి వస్తుంది. రైఫిల్ చప్పుడు మామూలుగానే 160 డెసిబెల్స్ చుట్టూ ఉంటుంది, 140 దాటితే ఒక్క పేలుడికే చెవికి శాశ్వత నష్టం జరగొచ్చు, బ్రేక్ ఉంటే కాల్చేవాడి చెవి దగ్గర ఇంకా పెరుగుతుంది. రేంజ్‌లో చెవి లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు రెండూ పెట్టుకుంటాం కాబట్టి సరిపోతుంది. వేటలో చాలామంది ఏమీ పెట్టుకోరు. పక్కన గైడ్ గానీ, కొడుకు గానీ ఉంటే వాళ్ల చెవుల సంగతి కూడా నీ మీదే ఉంటుంది. చట్టం ఒప్పుకునే చోట సప్రెసర్ దీనికంటే నయం, తన్నూ తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది.

స్కోపు గురించి కూడా చెప్తున్నా, ఎందుకంటే మ్యాగ్నమ్ కాల్చావంటున్నావు. కంటికీ స్కోపుకీ మధ్య మూడున్నర, నాలుగు అంగుళాలు లేకపోతే కనుబొమ్మ చీలుతుంది. పైకి గురిపెట్టి పడుకుని కాల్చేటప్పుడు తల తెలీకుండానే ముందుకు జరుగుతుంది, అప్పుడే ఎక్కువ జరుగుతాయి ఇవి.

రీలోడ్_బెంచి:

ఎవరూ బ్యారెల్ ఆయుష్షు గురించి రాయలేదు, అందుకే వచ్చాను. ఏడాదంతా ప్రాక్టీసు అన్నారు కదా. .308 బ్యారెల్ మంచి గురితో ఐదు వేల తూటాలు తేలిగ్గా మోస్తుంది, క్రీడ్‌మూర్ రెండు నుంచి మూడు వేలు, .300 విన్ మ్యాగ్, 7 ఎం.ఎం. రెమ్ మ్యాగ్ లాంటివి వెయ్యి నుంచి రెండు వేలకే గొంతు దగ్గర అరిగిపోవడం మొదలవుతుంది. బోల్ట్ గారు చెప్పిన ఆ 70 గ్రెయిన్ల పౌడర్ మంట సన్నటి రంధ్రంలోకి దూరేటప్పుడు చాంబర్ (తూటా కూర్చునే గది) ముందు రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలిగాడి) మొదలయ్యే చోటే ఎక్కువ కాలుస్తుంది. బోర్‌స్కోపు పెట్టి చూస్తే అక్కడ ఎండిన చెరువు మట్టిలా పగుళ్లు కనిపిస్తాయి. వేటకి మాత్రమే వాడేవాళ్లకి ఇది సమస్యే కాదు, వాళ్లు జీవితంలో వెయ్యి తూటాలు కాల్చరు. ప్రతి వారం రేంజ్‌కి వెళ్లేవాళ్లకి మాత్రం సమస్యే. వేగంగా వరసగా కాల్చి బ్యారెల్‌ని చల్లారనివ్వకపోతే ఈ అంకెలు ఇంకా పడిపోతాయి.

ఇక బెల్ట్. .300 విన్ మ్యాగ్, 7 రెమ్ మ్యాగ్ కేసు అడుగున చిన్న పట్టీలాంటిది ఉంటుంది. అది బలం కోసం అనుకుంటారు చాలామంది, కాదు. పాత హెచ్ అండ్ హెచ్ కేసులు బాగా వాలుగా ఉండేవి, కేసు భుజం దగ్గర (మెడ కింద సన్నబడే చోట) సరైన ఆనుపు దొరికేది కాదు, అందుకని చాంబర్‌లో కేసు ఎంత లోపలికి వెళ్లి ఆగాలో ఆ బెల్ట్ పట్టుకునేది. 1962లో వచ్చిన 7 రెమ్ మ్యాగ్‌కి, 1963లో వచ్చిన .300 విన్ మ్యాగ్‌కి భుజం బాగానే ఉంది, బెల్ట్ అవసరం లేదు, అయినా అలాగే వచ్చేసింది. రీలోడ్ చేసేవాళ్లకి (కాల్చిన కేసుల్లో మళ్లీ పౌడర్, బుల్లెట్ నింపుకునేవాళ్లకి) దీంతో ఒక చిక్కుంది. బెల్ట్ మీద ఆగేలా వదిలేసి ప్రతిసారీ కేసుని పూర్తిగా కుదించేస్తే బెల్ట్‌కి కాస్త పైన ఇత్తడి సాగి సాగి పల్చబడి ఒకరోజు చాంబర్‌లోనే విడిపోతుంది. ఒక కాగితం క్లిప్పు కొన వంచి కేసు లోపల గోడ వెంట అడుగు దాకా గీయండి, ఎక్కడైనా గాడిలా తగిలితే ఆ కేసు పారేయాల్సిందే. కేసుని కుదించే సైజింగ్ డై సర్దుకుని భుజం మీద ఆగేలా చేస్తే ఈ బాధ ఉండదు. 2018లో వచ్చిన 6.5 పి.ఆర్.సి., .300 పి.ఆర్.సి., 2022 నాటి 7 ఎం.ఎం. పి.ఆర్.సి.లకు బెల్ట్ లేదు. ఎప్పటికైనా మ్యాగ్నమ్ కొనాలనిపిస్తే వాటిని కూడా చూడండి.

ఇంకో మాట, మూడు తూటాల గ్రూపు చూసి ఏ రైఫిల్ ఎలాంటిదో తేల్చకండి. కనీసం పది కాల్చి చూడండి. పది తూటాలు భుజం నొప్పి లేకుండా కాల్చగలిగేది కొంటేనే ఆ పది మాటకి విలువుంటుంది.

గురి_కొత్త:

ఫ్లించ్ సంగతి అచ్చం మీరు చెప్పినట్టే ఉంది, పాత_బోల్ట్ అన్నా. డమ్మీలు పెట్టి చూశాం, స్కోపులో క్రాస్ హెయిర్ కిందికి కుంగడం నాకే కనిపించింది, .308తో కొంచెం, మ్యాగ్నమ్‌తో బాగా. ఇక మ్యాగ్నమ్ మాట పక్కన పెట్టేశాను. కొండ_వేట గారు చెప్పిన దూరాలూ జంతువులూ నాకు లేవు. ఇప్పుడు .308, 6.5 క్రీడ్‌మూర్ రెండే మిగిలాయి. అడవిపందికి క్రీడ్‌మూర్ సరిపోతుందా? బుల్లెట్ ఏది, ట్విస్ట్ (బ్యారెల్ లోపలి మెలిగాడి ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతుందన్నది) ఎంత చూడాలి?

గాలి_లెక్క:

సరిపోతుంది. 250 మీటర్ల లోపు పందికి రెండింటిలో ఏదైనా చాలు, పక్కనుంచి ముందు కాలు వెనక ఊపిరితిత్తుల మీద పెడితే తేడా తెలీదు. పెద్ద మగపంది భుజాల మీద చర్మం కింద గట్టి పొర ఉంటుంది, మెత్తటి బుల్లెట్లని అది ఆపగలదు, కాబట్టి ఏ కార్ట్రిడ్జ్ తీసుకున్నా బాండెడ్ (సీసం తొడుగుకి అతికి ఉండేది) గానీ, పూర్తి రాగి గానీ, పార్టిషన్ లాంటిది గానీ వాడండి. మ్యాచ్ బుల్లెట్ రేంజ్‌లో ఎంత చక్కగా పడ్డా జంతువు మీద వాడొద్దు, అది ఎలా విచ్చుకుంటుందో, అసలు విచ్చుకుంటుందో లేదో చెప్పలేం.

రేంజ్ వైపే మీకు మొగ్గు ఎక్కువ కాబట్టి నేనైతే క్రీడ్‌మూర్ అంటాను, 1:8 ట్విస్ట్‌తో, పొడవాటి 140లు నిలబడాలంటే అది కావాలి. .308 అయితే 1:10 చూడండి. కొందరు 1:12 అమ్ముతారు, తేలికపాటి వాటికి పర్లేదు, 175 దాటితే ఇబ్బంది.

పాత_బోల్ట్:

నేను ఇప్పటికీ .308 అనే అంటాను, బ్యారెల్ రెట్టింపు కాలం వస్తుంది, తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి. కానీ ఫ్లించ్ ఉన్నవాడికి 13కీ 18కీ మధ్య ఆ ఐదు ఫుట్ పౌండ్లు కూడా లెక్కే, కాబట్టి క్రీడ్‌మూర్ తీసుకున్నా కాదనను. క్లబ్బులో ఎవరి దగ్గరైనా ఉంటే అదే డమ్మీ పరీక్ష దాంతో కూడా చేసి చూడు, క్రాస్ హెయిర్ కదలకపోతే అదే కొను.

కొన్నాక వేట తూటాతోనే జీరో చెయ్యి. తర్వాత మ్యాచ్ తూటాలు అదే జీరోతో కాల్చి, ఎన్ని క్లిక్‌లు పైకో కిందికో పక్కకో పడుతున్నాయో టేపు మీద రాసి స్టాక్‌కి అంటించు. సీజన్‌కి ముందు రేంజ్‌లో స్కోపు మళ్లీ వేట జీరోకి తిప్పి, చల్లటి బ్యారెల్‌తో మొదటి తూటా ఎక్కడ పడుతుందో ఒకసారి చూసుకునే బయల్దేరు.